చుక్కమ్మ వేషం కట్టిన సువార్తక్క

మొన్న గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చే బస్సులో, కంభం దాటిన తర్వాత, నా ముందు సీటులోని పెద్దమనిషి జేబులోంచి చిన్న పొట్లం తీసి ఇంత సోంపు నోట్లో వేసుకున్నాడు. కిటికీలోంచి కొడుతున్న వడగాలి ఆ వాసనను తెచ్చి నా ముఖాన పోసింది. మిగతావాళ్ళకు అది భోజనమయ్యాక వచ్చే వాసన. నాకది మార్కాపురంలో ఒక మేడమీది గది వాసన. గోడలకు పాత దుప్పట్లు మేకులతో బిగించి, కిటికీలకు అట్టలు అడ్డంపెట్టి, ఊళ్ళోని ఒక చిన్న కేబుల్ చానెల్ వాళ్ళు ఆ గదిని స్టూడియో అనేవారు. ఫ్యాను తిరిగితే చప్పుడు రికార్డవుతుందని ఆపేసేవాళ్ళం. ఆ ఉక్కలో, చెమటతోనూ దుమ్ముతోనూ కలిసి, ఎప్పుడూ సోంపు వాసన ఉండేది. నమిలేది సువార్తక్క. ఎందుకంతగా నములుతావని కొత్తలో అడిగితే దాచకుండా చెప్పింది. "తాగే రోజుల్లో వాసన తెలీకుండా నమిలేదాన్ని. మానేసినాక నోరు ఊరికే ఉండదు గదా, దానికేదో ఒక పని చెప్పాల."

రాష్ట్రం రెండుగా విడిపోయి, కొత్త రాజధాని ఎట్లా ఉంటుందో, మా పడమటి మెట్టకు నీళ్ళెప్పుడు వస్తాయో అని టీకొట్ల దగ్గర వాదులాడుకుంటున్న రోజులవి. ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రాలు మా చానెల్లో 'చుక్కమ్మ మానేసింది' అనే హాస్య కార్యక్రమం వచ్చేది. మార్కాపురంలోనూ, వైరు పోయినంత మేర చుట్టుపక్కల పల్లెల్లోనూ చూసేవారు. తాగుడు మానేసిన ఒక పడుచుపిల్ల, ఆమె మానేసినందువల్ల ఇబ్బందిపడే ఒక ఊరు, కథంతా అంతే. ఇంట్లో ఏది పోయినా ఇదివరకు చుక్కమ్మ మీద నెట్టేవాళ్ళు, ఇప్పుడు నెట్టడానికి మనిషి లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతే వదిన నిలబడి, "ఇన్నాళ్ళూ దీని మీద చెప్పుకుంటిని, ఇప్పుడీ పాలు ఎవరి మీద పొంగాల?" అని ఏడుస్తుంది. వాకిట్లో తల్లి రోజూ సాయంత్రం పోలీసువాడిలా నిలబడి, "ఊదు" అంటుంది. చుక్కమ్మ ఊదుతుంది. వాసన రాకపోతే తల్లికి అనుమానం ఇంకా పెరుగుతుంది. ఇవి తలుచుకుని నవ్వేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. ఆ వేషం కట్టిన మనిషిని ఎరిగినవాళ్ళు మాత్రం తక్కువ. ఎరిగినవాడిని కనుక రాయవలసినది నేనే.

ఆమెది పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు. చర్చిలో పాడుతూ పెరిగింది. ఎవరి గొంతు విన్నా అచ్చం దించేసేది. ఆ విద్య చూసి ఒక పాటకచేరి బృందం వాళ్ళు తీసుకుపోయారు. పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ ఊరూరా తిరుగుతూ, గొంతు పట్టేస్తే ఒక గుక్క, నిద్ర రాకపోతే ఒక గుక్క అని వ్యానులో మొదలైన అలవాటు మనిషిని మింగేసింది. ఒక పెళ్ళిలో వేదిక మీంచి పడిపోయాక బృందం వాళ్ళు ఆమె పెట్టెను రోడ్డు పక్కన దించేసి పోయారు. తల్లి బస్సెక్కి వచ్చి తీసుకుపోయింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు, తర్వాత ఇంట్లో. తల్లి ఆమెను ఊళ్ళో ఖాళీగా ఉండనివ్వకుండా ఇరుగుపొరుగు మేకలను తోలుకుని కొండవాలుకు పొమ్మనేదట. అక్కడ దుకాణాలు ఉండవు కదా. ఆ రోజుల గురించి సువార్తక్క ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో ముగించేది. "మేకలు మంచియి అబ్బయ్యా. తాగినావా అని అడగవు."

ఇక నా సంగతీ కొంత చెప్పాలి. లేకపోతే ఆమె నాకు చేసిన మేలు అర్థం కాదు. మార్కాపురం పలక మీద అక్షరం దిద్దని ఇల్లు లేని కాలంలో మాకు పలకల గనులు ఉండేవి. పుల్లలచెరువు పోయే దారిలో ఉన్న మా ఊళ్ళో ఇప్పటికీ మాది పెద్దిల్లే. ఇంటి పేరుతో పిలవరు, పెద్దింటోళ్ళు అంటారు. పలకల వ్యాపారం పడిపోయింది, అన్నదమ్ములు కోర్టులకెక్కారు, పొలాలు చేతులు మారాయి. నేను పెద్దవాడినయ్యేసరికి మాకు మిగిలినవి వానకు కారే ఒక మిద్దె, మా తాత కూర్చున్న టేకు పడక్కుర్చీ, పోలేరమ్మ కొలుపులో మొదటి సాక. సాక అంటే అమ్మవారి ముందు పెట్టే సారా. ఇత్తడి గిన్నెలో పోసి, కొంచెం అమ్మవారి పాదాల దగ్గర వంచి, మొదటి గుక్క పెద్దింటి మగవాడు తాగాలి. ఆ తర్వాతే గిన్నె ఇంటింటి వరసన ఆడామగా అందరి చేతికీ వస్తుంది. వచ్చిన అతిథికి కూడా ఇస్తారు. కాదనకూడదు. కాదంటే ఆ ఏడు వాన తప్పుతుందని మా ఊరి నమ్మకం. వాన ఎప్పుడూ అంతంత మాత్రంగా ఉండే మెట్ట ప్రాంతంలో అది చిన్న మాట కాదు.

నేను తెలుగు ఎమ్మే చదివి ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్న రోజుల్లో చానెల్ యజమాని, మా నాయనకు పరిచయస్తుడు, వార్తలూ ప్రకటనలూ రాయడానికి రమ్మన్నాడు. పోటీ పరీక్షలకు చదువుతున్నానని ఊళ్ళో చెప్పి, అక్కడ పనిచేసేవాడిని. కొన్నాళ్ళకు చుక్కమ్మ మాటలు రాసే పని కూడా నామీద పడింది. నేను మొదటిసారి రాసిచ్చిన కాగితాలు సువార్తక్క చదివి, కొంచెంసేపు సోంపు నమిలి, ఇట్లా అంది. "బాగుంది అబ్బయ్యా. గుడిలో చదివేటట్టు ఉంది. చుక్కమ్మకు ఆకలైతే ఇట్ల అడగదు." ఆమె చదివి వినిపిస్తే నా వాక్యాలు నాకే పరాయివిగా తోచాయి. ఎదురుగా కూర్చోబెట్టి, నేను చెప్పదలచుకున్నది నోటితో చెప్పించి, "ఇదుగో, ఇది రాయి" అనేది. నేను చదువుకున్న చదువు ఆమె ఏనాడూ తక్కువ చేయలేదు. సామెతకో, పద్యం ముక్కకో నన్నే అడిగేది. మాట ఎవరి నోట్లోంచి వస్తోందో ముందు చూడు, తర్వాత కలం పట్టు అన్నది మాత్రం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు గిద్దలూరులో కాలేజీ పిల్లలకు నేను పాఠం చెప్పేది ఆ పద్ధతిలోనే.

పనిలో ఆమె పట్టింపులు ఆమెవి. చుక్కమ్మ మానకముందు తాగే సన్నివేశానికి సీసాలో పోసే నీళ్ళు ఆమె కళ్ళ ముందే పోయాలి. ఇంకొకరు నింపి తెచ్చిన సీసాను ముట్టేది కాదు. ఒకసారి యజమాని తమ్ముడు సరదాకు, "ఏం సువార్తా, మామీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆమె నవ్వుతూనే, "మీమీద ఉంది అన్నా. నామీద లేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట ఎంత నిజమో అప్పటికి నాకు తెలియదు. మానేయడం అంటే ఒకనాడు మానేసి అక్కడితో అయిపోయే పని అనుకునేవాడిని. ఆమెకు అది పొద్దున లేచి వాకిలి చిమ్ముకున్నట్టు రోజూ చేసుకోవలసిన పని.

ఒకనాడు నన్ను వేషం వేయమంది. చితికిపోయిన ఒక పెద్దింటాయన పాత్ర. వాన వస్తే ఇల్లంతా కారుతుంది. ఆయన మాత్రం గొడుగు వేసుకుని పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని, వచ్చినవాళ్ళతో, "ఇంట్లోకి గాలి బాగా ఆడాలని మేమే ఇట్లా కట్టించినాము" అంటాడు. చుక్కమ్మ ఆ ఇంటికి పనికి వస్తుంది. నా ముఖం ఎర్రబడింది. మా ఇంట్లో వేషాలు కట్టేవాళ్ళు లేరని చెప్పాను. ఆమె నా వైపు చూసి, వెక్కిరింపు లేని గొంతుతో అంది. "ఉండారు అబ్బయ్యా. దినామూ కడతానే ఉండావు. కెమెరా లేదంతే."

ఆ మధ్యాహ్నం నేను లేచి వెళ్ళిపోయాను. ఇంటికి పోయి మిద్దె కింద కూర్చున్నాక కోపం తగ్గలేదు కానీ, ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో వెతికితే దొరకలేదు. పరీక్షలకు చదువుతున్నాననే మాట, ఇస్త్రీ చొక్కా, ఎవరింటికైనా పోతే మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి రావడం, అన్నీ వేషమే. మర్నాడు పోయి ఆ పాత్ర వేస్తానన్నాను. వేస్తే బాగా వేయాలన్న పంతం కూడా ఉంది. పాత్రకు తగిన పడక్కుర్చీ కోసం మార్కాపురమంతా వెతికినా దొరక్క, చివరికి మా తాత కుర్చీనే ఆటోలో వేసుకుని వెళ్ళాను. ఆ ఆదివారం సాయంత్రం నాయన చూస్తాడేమోనన్న భయంతో నేను ఇంటికి ఆలస్యంగా చేరాను. ఆయన అప్పటికే చూసేశాడు. కోర్టు గొడవల తర్వాత మా నాయన గట్టిగా మాట్లాడడమే మానుకున్న మనిషి. నన్ను చూడగానే అడిగాడు. "ఒరే, ఆ కుర్చీ మనదే గదా?" అవునన్నాను. "గాలి బాగా ఆడాలని కట్టించినామా?" అని మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆయన అట్లా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు. మరునాడు ఆయనే ఊళ్ళోవాళ్ళను పిలిచి చూశారా అని అడిగాడు. ఇల్లు కారుతుందన్న సంగతి ఊరందరికీ ఎప్పటినుంచో తెలుసు. తెలియదని అనుకుంటున్నది మేమిద్దరమే. ఆ బరువు దించినందుకు సువార్తక్కకు నేను ఎన్నడూ కృతజ్ఞత చెప్పలేదు. ఆ అలవాటు మా ఇంట్లో లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

చుక్కమ్మ పేరు పాకేకొద్దీ ఒక వింత జరగసాగింది. చుక్కమ్మ నిజంగానే ఉందని, ఆ మేడమీదే కాపురముంటుందని పల్లెల్లో కొందరు అనుకున్నారు. ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. మా వైపు మగవాడు తాగితే అది వార్త కాదు. కూలికి పోయే ముసలమ్మ ఒక చుక్క వేసుకున్నా ఎవరూ పట్టించుకోరు. పడుచుపిల్ల తాగిందంటే మాత్రం ఆ ఇల్లు తలుపు మూసుకుంటుంది. అట్లా మూసిన తలుపుల వెనకనుంచి వచ్చినవాళ్ళు వీళ్ళు. వాళ్ళలో కొండమ్మ మా ఊరిదే. గొర్రెలు కాసే ఇంటి కోడలు, భర్త పోయిన పిల్ల. ఊళ్ళోనే పుట్టి మెట్టింది కనుక ఆమెను నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. నన్ను అక్కడ చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సువార్తక్క నన్ను లోపలికి పొమ్మని సైగచేసి, ఆమెను మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ళు మాట్లాడుకున్నదంతా నాకు తెలియదు. భర్త పోయాక నిద్ర కోసం మొదలుపెట్టిందనీ, ఇప్పుడు మానాలని ఉందనీ, అన్నిటికన్నా రాబోయే కొలుపంటే భయంగా ఉందనీ తర్వాత సువార్తక్క చెప్పింది. గిన్నె చేతికొస్తే అత్త ముందు, ఊరి ముందు కాదనేదెట్లా? ఒక గుక్కతో మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ ప్రశ్ననే సువార్తక్క కార్యక్రమంలోకి తెచ్చింది. చుక్కమ్మ కొలుపుకు పోతుంది. అందరూ చుట్టూ చేరి, ఇది మందు కాదు, సాక అంటారు. చుక్కమ్మ ఏం చెప్పి తప్పించుకోవాలి? మేమిద్దరం కూర్చుని ఎన్నో మాటలు రాసి కొట్టేశాం. జ్వరమని చెప్పిద్దామంటే, సాక తాగితే తగ్గుతుందంటారు. మొక్కు అని చెప్పిద్దామంటే, ఏ దేవుడికి అంటారు. చుక్కమ్మను చర్చికి పోయే మనిషిని చేద్దామని నేనన్నాను. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టరు కనుక కథ సులువవుతుంది. ఆమె తల అడ్డంగా ఊపింది. "అప్పుడు కొండమ్మ యాడికి పోవాల?" అంది. చివరికి మాట దొరకనే లేదు. గిన్నె పట్టుకుని ఊరంతా వెంటపడితే చుక్కమ్మ గడ్డివామి చుట్టూ పరుగెత్తుతున్నట్టు తీసి అక్కడితో ఆపేశాం. జనం పడి నవ్వారు. సువార్తక్కకు మాత్రం అది నచ్చలేదు. పరుగెత్తడం జవాబు కాదంది.

మా చిన్నాయన నవ్వలేదు. కొలుపు పెత్తనం ఆయనది. ఆయన చెడ్డవాడు కాదు. చేతిలో ఏమీ మిగలని మనిషి చివరికి మిగిలినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. మా ఇంటి సాకను టీవీలో నవ్వులపాలు చేశారని ఊళ్ళో నాలుగుచోట్ల అన్నాడట. ఆ ఏడు నాయనకు ఆయాసం ఎక్కువై కదలలేకపోవడంతో మొదటి సాక అందుకోవలసిన వంతు నాకు వచ్చింది. కొలుపును వీడియో తీయడానికి చానెల్ తరఫున సువార్తక్క వచ్చింది. కెమెరామన్ రాలేదని తానే కెమెరా భుజాన వేసుకుంది. ఇట్లా చిన్నాయన గుర్రుగా ఉన్నాడు, రావద్దని నేను ముందే చెప్పాను. "కొండమ్మ వస్తాది గదా, నేనూ వస్తా" అంది.

పట్టపగలు, మిట్టమధ్యాహ్నపు ఎండ. డప్పులు ఆగాయి. ఇత్తడి గిన్నెలో సాక పోశారు. పాదాల దగ్గర కొంచెం వంచి, నా గుక్క నేను తాగాను. వెంటనే చిన్నాయన నా చేతిలోంచి గిన్నె తీసుకుని నింపించి, కెమెరా పట్టుకుని నిలబడ్డ సువార్తక్క ముందుకు పోయి నిలబడ్డాడు. "టీవీలో మా సాకను ఎగతాళి చేస్తివి గదమ్మా. మా ఊరికి వచ్చినావు, చుట్టానివి. తీసుకో. అమ్మ ముందర పరుగెత్తేది ఉండదు." జనం చుట్టూ మూగారు. ఆడవాళ్ళ వరసలో కొండమ్మ అత్త పక్కన నిలబడి ఉంది. ఆమె ముఖంలో నెత్తురు లేదు. నేను అడుగు ముందుకు వేసి, "చిన్నాయనా, ఆమె చర్చికి పోయే మనిషి, వాళ్ళు తీసుకోరు" అన్నాను. అది చాలు. చిన్నాయనకు కూడా అదే కావలసినట్టుంది, చెయ్యి కొంచెం వెనక్కి తగ్గింది. సువార్తక్క ఒక్క తల ఊపితే అంతటితో అయిపోయేది.

ఆమె కెమెరాను నా చేతికిచ్చి, రెండు చేతులతో గిన్నె అందుకుంది. "అబ్బయ్య నా మంచికే చెప్పినాడు గానీ, అది కాదు సిన్నాయనా" అంది. గొంతు పెద్దది కాదు, అయినా వేదికల మీద పాడిన గొంతు, చివరివరకూ వినిపించింది. "నేను తాగుబోతుదాన్ని. మానేసినా. మీకందరికీ ఒక గుక్క అంటే ఒక గుక్కే. నాకు ఒక గుక్క అనేది తెలీదు, పడిపోయేదాకా తెలుసు. అందుకని నాకొద్దు." ఎవరో ముసలాయన వెనకనుంచి, కాదంటే వాన తప్పుతాదమ్మా అన్నాడు. ఆమె అటు తిరిగింది. "కాదనలేదు తాతా. ఈ ఊరందరి సాక నేనొక్కదాన్నే ముందుగాల్నే తాగేసి ఉండా. అమ్మకే మిగల్చలా. ఇదన్నా ఆమెను తాగనీ." అని వంగి, గిన్నెలో ఉన్నదంతా అమ్మవారి పాదాల దగ్గర పోసేసింది.

మొదట నవ్వింది ఆడవాళ్ళు. ఎవరో ఒక ముసలమ్మ కిసుక్కుమంది, తర్వాత వరసంతా నవ్వింది, ఆ నవ్వు మగవాళ్ళకు పాకింది. అది చుక్కమ్మను చూసి నవ్విన నవ్వు కాదు. ఊపిరి బిగబట్టినవాళ్ళు వదిలిన నవ్వు. గిన్నె మళ్ళీ నింపారు. మిగతా వరసలు దాటి, ఆడవాళ్ళలో కొండమ్మ చేతికి వచ్చింది. ఆమె గిన్నె అందుకుంది. అత్త ఆమెనే చూస్తోంది. "నాది గూడా అమ్మనే తాగనీ" అని వినపడీ వినపడనట్టు అంటూ, వంగి పోసేసింది. అందరూ చిన్నాయన వైపు చూశారు. ఆయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, "కానీండి, పొద్దు పోతా ఉంది" అన్నాడు. డప్పు మోగింది. ఆ పెద్దమనిషి ఆ ఒక్క మాటతో నిలబెట్టిన పరువు, మా ఇంటి చరిత్రలో ఇంకెవరూ నిలబెట్టలేదని నా నమ్మకం.

నేను కెమెరా ఎవరికో అప్పగించి వెతికితే సువార్తక్క ట్రాక్టరు ట్రాలీ నీడలో నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒడిలో బిగించి పట్టుకుంది. చేతుల మీద సాక చింది వాసన వస్తోంది. నీళ్ళు తెచ్చి కడిగించాను. మజ్జిగ ఇచ్చాను. నేను దారి చూపిస్తే ఎందుకు పోలేదని అడిగాను. "నాకు చర్చి అడ్డం ఉంది. ఆ పిల్లకు ఏముంది? నేను దొంగదారిన పోతే, ఆమెకు దారి మూసినట్టే గదా" అంది. కొంచెం ఆగి, "వాసన ముక్కులోనే ఉంది అబ్బయ్యా. లేచి ఆ కుండ దగ్గరికి పోవాలని కాళ్ళు గుంజుతా ఉండాయి. నన్నిడిసి పోవాకు. ఏదో ఒకటి మాట్లాడు" అంది. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "మీ తాతల గొప్పలు చెప్పు. అవైతే పొద్దుగూకేదాకా అయిపోవు" అంది, పళ్ళు బిగబట్టే నవ్వుతూ.

చెప్పాను. మా ముత్తాత మొదటి గని తవ్వించినప్పుడు రాయి ఎట్లా పొరలుపొరలుగా విడిందో, మా తాత పెళ్ళికి ఊళ్ళో ఏ ఇంటా పొయ్యి వెలిగించనివ్వకుండా అందరికీ భోజనాలు ఎట్లా పెట్టారో, మద్రాసు నుంచి వచ్చిన దొర పలక మీద తన పేరు రాసుకుని ఎట్లా పట్టుకుపోయాడో, విన్నవీ, విననివీ, కొంత కల్పించీ చెప్పాను. ఆమె మధ్యమధ్య, "అబద్ధం", "ఇది నిజమే" అంటూ వింది. నీడ ట్రాలీ కిందినుంచి జరిగి రోడ్డు దాకా సాగేసరికి ఆమె చేతులు విడివడ్డాయి. మా వంశ చరిత్ర ఒక మనిషికి నిజంగా పనికొచ్చింది నాకు తెలిసి ఆ ఒక్కనాడే. అంతకన్నా గొప్ప పని దానికి ఉంటుందని నేను అనుకోను.

ఆమె గిన్నె అందుకున్నప్పుడు నా చేతిలో కెమెరా తిరుగుతూనే ఉంది. అదంతా రికార్డయింది. చానెల్ యజమాని అది వేస్తే జిల్లా అంతా చూస్తుందని ఎగిరి గంతేశాడు. సువార్తక్క వద్దంది. "చుక్కమ్మది వేషం. అది వేషం కాదు. కొండమ్మ కూడా ఉంది దాంట్లో" అంది. ఆయన ఎదుటే చెరిపించింది. చుక్కమ్మ గడ్డివామి చుట్టూ పరుగెత్తిన కథకు ముగింపు ప్రసారం కానేలేదు. ఆ ఏడు వాన ఎప్పటిలాగే కొంత కురిసి కొంత ఎగ్గొట్టింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు.

తర్వాత ఇంటింటికీ డిజిటల్ పెట్టెలు వచ్చి చిన్న చానెళ్ళు మూతపడ్డాయి. సువార్తక్క తాగుడు మాన్పించే ఒక ఆశ్రమంలో ఆడవాళ్ళ దగ్గర పనికి కుదిరింది. అక్కడ కూడా గొంతులు దించి నవ్వించేదట. కొన్నేళ్ళకు కాలేయం చెడింది. ఒంగోలు ఆస్పత్రిలో చూడడానికి పోయాను. నేనున్నప్పుడే కొత్తగా వచ్చిన నర్సు కాగితం పట్టుకుని, మందు అలవాటు ఉందా అని అడిగింది. మంచం పక్కనున్న తల్లి చివాలున లేవబోయింది. సువార్తక్క ఆమె చెయ్యి పట్టి ఆపి చెప్పింది. "ఉండేదమ్మా. నేను దాన్ని మానేసినా. అది నన్ను మానేయలా." పుల్లలచెరువు అవతల వాళ్ళ పల్లెలో మట్టి చేసిననాడు వచ్చినవాళ్ళలో సగం మందిని ఆమె తల్లి ఎరగదు. అందరూ ఆడవాళ్ళే. ఎవరు, ఏ ఊరు అని ఎవరూ అడగలేదు.

ఆమె వల్ల నాకు మిగిలింది చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. అడిగినప్పుడు ఉన్న కారణం చెప్పడం. ఎదుటివాడు సులువైన కారణం అందిస్తున్నప్పుడు కూడా ఉన్నదే చెప్పడం. గిద్దలూరు కాలేజీలో ఉద్యోగానికి పోయినప్పుడు, మీరు పెద్దింటివాళ్ళు కదా, మీకు ఈ జీతం ఎందుకండీ అని మర్యాదకు అన్నారు. కాలక్షేపానికి అని చెప్పడానికి దారి తెరిచే ఉంది. ఇల్లు గడవడానికి అని చెప్పాను. ఆ మాట అన్నాక కూడా నా వెన్ను వంగలేదు. ఇంకొంచెం నిటారుగానే కూర్చున్నానని గుర్తు.

నాయన పోయాక మొదటి సాక నాదే. చిన్నాయన పెద్దవాడైపోయినా గిన్నె ఆయన చేతులతోనే అందిస్తాడు. నేను తాగను, మొత్తం పాదాల దగ్గర పోస్తాను. ఆ తర్వాత వరసలో తాగేవాళ్ళు తాగుతారు, పోసేవాళ్ళు పోస్తారు, ఎవరూ ఎవరినీ అడగరు. కొండమ్మ ఇప్పటికీ పోస్తుంది. కిందటి కొలుపుకు చిన్నాయన కొత్త అల్లుడు వెలిగండ్ల నుంచి వచ్చాడు. చదువుకున్నవాడు, వినయంగానే అడిగాడు. "పెద్దింటి వంతు గదా బావా, ఒక్క గుక్కన్నా తాగకుండా పోసేస్తివే. ఇది మీ పూర్వీకుల నుంచి వచ్చిన ఆచారమా?" చిన్నాయన గిన్నె పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. వరసలో ఉన్నవాళ్ళు కూడా చూశారు. ఔనంటే అక్కడితో అయిపోయేది, వినడానికి కూడా బాగుండేది.

"కాదు బావా" అన్నాను. "మా అక్క తాగలేదు. అందుకని."

అల్లుడికి అర్థం కాలేదు. మీకు అక్క ఉందని నాకు తెలీదే అన్నాడు. "ఉండె నాయనా, ఆమెకు నేనే సాక పోయించినా" అన్నాడు చిన్నాయన, గిన్నెను తర్వాతి ఇంటివాళ్ళ చేతికి అందిస్తూ.